నలభై దాటాక మళ్ళీ సినగాగ్ మెట్లెక్కేవాళ్ళు: యూదుల్లో ఇది ఎలా జరుగుతుంది?

చలపతి_ఎడిసన్
అందరికీ నమస్కారం. ఈ విభాగంలో మన పండగలు, మన గుళ్ళ గురించే ఎక్కువగా మాట్లాడుకుంటాం. ఈసారి వేరే మతం గురించి అడుగుతున్నాను. మా టీమ్‌లో ఒకాయన ఉన్నారు, యాభైకి దగ్గర్లో ఉంటారు. పుట్టుకతో యూదుడే కానీ దేవుడి ఊసెత్తగా నేనెప్పుడూ వినలేదు. క్యాంటీన్‌లో బేకన్ తినేవాడు, శనివారాలు నాతోపాటు రిలీజ్ పనికి కూర్చునేవాడు. ఆ మధ్య వాళ్ళ నాన్న పోయారు. అప్పట్నుంచి ఆఫీసుకి రాకముందే వాళ్ళ గుడి సినగాగ్‌కి వెళ్ళొస్తాడు. సాయంత్రం మీటింగ్ నడుస్తుండగానే లేచి "కద్దిష్ చెప్పాలి" అని వెళ్ళిపోతాడు.

నమ్మకం కుదిరిందా అని అడిగాను. "ఆ సంగతి ఇంకా తేలలేదు" అన్నాడు. తేలకుండానే రోజూ వెళ్ళడం ఏమిటో నాకు బోధపడలేదు. మొహమాటంతో ఇంకేమీ అడగలేదు. ఇక్కడ ఇజ్రాయెల్‌లో పనిచేసేవాళ్ళు, యూదు కుటుంబాలతో బంధుత్వం ఉన్నవాళ్ళు ఉన్నారని తెలుసు. కాస్త చెప్పండి.

లత_షికాగో
చలపతి గారూ, నేను చెప్పగలను. మా ఆయన యూదు. ఆయన కథ తర్వాత చెప్తాను, ముందు కద్దిష్ సంగతి.

తల్లో తండ్రో పోతే పిల్లలు పదకొండు నెలలు రోజూ చెప్పే ప్రార్థన అది. హెబ్రూ కాదు, అరమాయిక్. విచిత్రమేమిటంటే అందులో చావు అన్న మాటే ఉండదు. పోయినవాళ్ళ పేరు ఉండదు, ఆత్మశాంతి కోరడం ఉండదు. మొత్తం దేవుడి నామస్తుతే. పన్నెండు కాకుండా పదకొండు నెలలే ఎందుకంటే, పాపాత్ములకే పన్నెండు నెలల శిక్ష అని ఒక పాత మాట ఉంది. ఏడాదంతా చెబితే మన నాన్న పాపాత్ముడని మనమే ఒప్పుకున్నట్టవుతుందని ఒక నెల ముందే ఆపేస్తారు.

అసలు కీలకం ఇంకోటి. కద్దిష్ ఒంటరిగా చెప్పకూడదు. పది మంది ఉండాలి. దాన్ని మిన్యాన్ అంటారు. ఆచారం గట్టిగా పాటించే ఆర్థడాక్స్ శాఖవాళ్ళు పది మంది మగవాళ్ళనే లెక్కపెడతారు, కాస్త సడలించిన కన్సర్వేటివ్, ఇంకా సడలించిన రిఫార్మ్ శాఖల సినగాగుల్లో ఆడవాళ్ళూ లెక్కలోకి వస్తారు. చెప్పేవాడు చెబుతుంటే మిగతావాళ్ళు మధ్యలో ఆమేన్ అని జవాబివ్వాలి. మీ సహోద్యోగి పొద్దున్నే వెళ్ళేది తన నాన్న కోసం ఒక్కటే అనుకోకండి. అక్కడ తొమ్మిది మందే ఉంటే ఇంకొకరి నాన్నకి కద్దిష్ ఆగిపోతుంది. అది ఒకసారి కళ్ళతో చూసినవాడికి ఇంట్లో పడుకోవడం కష్టం. నమ్మకం ఉందా అని ఆ పొద్దున అక్కడ ఎవరూ అడగరు. పదోవాడు వచ్చాడా అనే చూస్తారు.

సోమయాజులు_రాజమండ్రి
చాలా బాగా చెప్పావమ్మా. మాకూ ఏడాదంతా మాసికాలు, ఏడాదికి ఆబ్దికం. ఆ ఏడాది అంతా మనిషి ఒక కట్టుబాటులో ఉంటాడు. అమెరికాలో ఉన్న మా పెద్దవాడు నాస్తికుడినంటాడు, కానీ నేను పోతే మాసికాలు పెడతాడనే నా ధైర్యం. అయితే ఒక తేడా కనిపిస్తోంది. మాకు కర్త, పురోహితుడు, ఇద్దరు ముగ్గురు భోక్తలు ఉంటే జరిగిపోతుంది. ఊళ్ళోవాళ్ళు పది మంది రోజూ రావాలన్న నియమం లేదు.

ఒక సందేహం. కొడుకులు లేనివాళ్ళ సంగతేమిటి?

లత_షికాగో
బాబాయ్ గారూ, ఆ ప్రశ్నకి వందేళ్ళ నాటి జవాబు ఒకటుంది. హెన్రియెట్టా సోల్డ్ అని అమెరికాలో హదస్సా అనే మహిళా సంస్థను 1912లో స్థాపించినావిడ. వాళ్ళింట్లో అందరూ ఆడపిల్లలే. 1916లో వాళ్ళమ్మ పోతే, కుటుంబ స్నేహితుడు ఒకాయన మీ తరఫున కద్దిష్ నేను చెబుతానన్నాడు. ఆవిడ ఎంతో మర్యాదగా ఉత్తరం రాసి వద్దంది. మా అమ్మకి నేనే చెబుతాను, మా నాన్న పోయినప్పుడూ మా అమ్మ ఇంకొకరిని చెప్పనివ్వలేదు అని. ఆ ఉత్తరం ఇప్పటికీ ఆడవాళ్ళు చదువుకుంటారు. మా ఆయన పిన్ని, వాళ్ళమ్మ పోయాక, మళ్ళీ సినగాగ్‌కి వెళ్ళడం మొదలుపెట్టింది ఆ ఉత్తరం చూసే.

హేతువాది_బెజవాడ
నాకిందులో పెద్ద రహస్యం ఏమీ కనబడటం లేదు. తండ్రి పోయిన దుఃఖంలో మనిషి ఏదో ఒకటి పట్టుకుంటాడు. కొందరు జిమ్‌కి వెళ్తారు, ఈయన సినగాగ్‌కి వెళ్తున్నాడు. 2020లో ప్యూ సంస్థ అమెరికా యూదుల మీద చేసిన సర్వే చూడండి. బైబిల్లో చెప్పిన దేవుణ్ణి నమ్ముతామన్నవాళ్ళు 26 శాతమే. మతమే లేదు, కానీ యూదులమే అన్నవాళ్ళు 27 శాతం. అంటే ఇది మతం కాదు, జాతి అభిమానం. దానికి ఆధ్యాత్మికత అని రంగు పూయడం ఎందుకు? నమ్మకుండా మంత్రం చదవడాన్ని మా వైపు నటన అంటారు.

శ్రీవాణి_ఫిలాసఫీ
హేతువాది గారూ, అదే సర్వేలో ఇంకో సగం మంది బైబిల్ దేవుడు కాకపోయినా ఏదో ఒక శక్తి ఉందని నమ్ముతామన్నారు. ఆ అంకె వదిలేశారు. అది పక్కన పెడదాం. నమ్మకం మొదట, ఆచారం తర్వాత అన్న వరస మీరు ఎక్కడ నుంచి తెచ్చుకున్నారు? అది ప్రొటెస్టెంట్ వరస. మన హేతువాదులు కూడా తెలియకుండా దాన్నే కొలబద్దగా వాడతారు. నిర్గమకాండం 24వ అధ్యాయంలో సీనాయి కొండ దగ్గర జనం ఇచ్చిన జవాబు హెబ్రూలో ముందు చేస్తాం, తర్వాత వింటాం అన్న వరసలో ఉంటుంది. రబ్బీలు, అంటే యూదు మత గురువులు, ఆ వరస మీద ఎంత చర్చ చేశారో చెప్పలేం.

ఈ విషయంలో నాకు ఎప్పుడూ గుర్తొచ్చే మనిషి జర్మన్ యూదు తత్వవేత్త ఫ్రాంజ్ రోజెన్‌జ్వైగ్. ఎం.ఏ.లో పాఠం చెబుతుంటాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

1886లో జర్మనీలోని కాసెల్‌లో పుట్టాడు. బాగా డబ్బున్న కుటుంబం, యూదులన్న పేరే కానీ ఇంట్లో ఆచారం దాదాపు లేదు. చుట్టూ ఉన్న దాయాదులు, స్నేహితులు కొందరు అప్పటికే క్రైస్తవంలో కలిసిపోయారు. 1913 జులైలో లైప్‌జిగ్‌లో యూగెన్ రోజెన్‌స్టాక్ అనే మిత్రుడితో ఒక రాత్రంతా వాదం జరిగింది. ఆ మిత్రుడు యూదు కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైనవాడు. రోజెన్‌జ్వైగ్ ఓడిపోయాడు. తానూ బాప్తిస్మం తీసుకోవాలని నిశ్చయించుకున్నాడు. కానీ ఏ మతమూ లేనివాడిగా కాదు, యూదుడిగానే ఆ గడప దాటాలనుకున్నాడు. ఆ అక్టోబరులో యోమ్ కిప్పూర్‌కి, అంటే ప్రాయశ్చిత్త దినానికి, బెర్లిన్‌లో ఒక చిన్న ఆర్థడాక్స్ సినగాగ్‌కి వెళ్ళాడని చెబుతారు. ఆ నెలాఖరుకి తన దాయాదికి రాసిన ఉత్తరంలో తాను యూదుడిగానే ఉండిపోతున్నానని రాశాడు.

ఈ కథని సినిమాలా చెబుతారు. ఒక్క రోజులో మనిషి మారిపోయాడు అని. నాకు అది నచ్చదు. ఆ రోజు లోపల ఏం జరిగిందో ఆయన ఎక్కడా రాయలేదు. ఆయన పోయాక నహుమ్ గ్లాట్సర్ అనే శిష్యుడు రాయగా ఆ కథ ప్రచారంలోకి వచ్చింది. అసలు అది అలా జరగలేదని వాదించే పండితులూ ఉన్నారు. నాకు ముఖ్యమనిపించేది ఆ తర్వాత చేసిన పని. యూదుడిగా ఉంటానన్నాడు సరే, యూదుడిగా ఉండటానికి కావలసింది ఏదీ తనకి రాదు. కూర్చుని నేర్చుకోవాల్సి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా మాసిడోనియా సరిహద్దులో ఉంటూ తన ముఖ్య గ్రంథం మొదలుపెట్టి ఇంటికి పంపే కార్డుల మీద రాశాడు. 1920లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పెద్దవాళ్ళ కోసం ఒక యూదు పాఠశాల నడపడానికి కుదిరాడు. లేర్‌హౌస్ అంటారు దాన్ని.

అక్కడ పాఠం చెప్పేవాళ్ళందరూ రబ్బీలు కారు. బైబిల్ క్లాసుకి పేరు తెచ్చినాయన రసాయన శాస్త్రవేత్త. ఇంకొకాయన డాక్టరు. మార్టిన్ బూబర్, గెర్షోమ్ షోలెమ్, ఎరిక్ ఫ్రామ్ లాంటివాళ్ళూ అక్కడ చెప్పారు. రోజెన్‌జ్వైగ్ ప్రారంభోపన్యాసంలో చెప్పింది ఇది: పూర్వం చదువు తోరా (యూదుల ధర్మగ్రంథం) నుంచి జీవితంలోకి వచ్చేది, ఇప్పుడు మనం తోరా ఏమిటో తెలియని జీవితం నుంచి తోరా వైపు నడవాలి. బయటివాడిగా ఉండటం అక్కడ అనర్హత కాదు, ఆ స్థితి నుంచే చదువు మొదలవుతుంది. డాక్టరు డాక్టరుగానే రావాలి, లాయరు లాయరుగానే రావాలి.

చలపతి_ఎడిసన్
శ్రీవాణి గారూ, ఇది నాకు అసలు తెలియదు. తర్వాత ఏమైంది?

శ్రీవాణి_ఫిలాసఫీ
1922లో ఏఎల్ఎస్ అనే జబ్బు బయటపడింది. మెల్లగా కాళ్ళూ చేతులూ, మాటా పోయాయి. ఇంట్లోనే పది మందిని పోగుచేసి ప్రార్థనలు జరిపించుకునేవాడు. భార్య ఎడిత్ ఆయన సైగల్ని బట్టి అక్షరం అక్షరం పట్టి రాసేది. ఆ స్థితిలో 1925లో బూబర్‌తో కలిసి హెబ్రూ బైబిల్‌ని జర్మన్‌లోకి తేవడం మొదలుపెట్టాడు. 1929 డిసెంబరులో పోయేనాటికి యెషయా గ్రంథం దగ్గర ఉన్నారు. మిగతాది బూబర్ 1961కి గానీ పూర్తిచేయలేదు. అప్పటికి ఆ జర్మన్ చదవాల్సిన యూదులు జర్మనీలో మిగల్లేదు.

గ్రేసీ_గుంటూరు
చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. మేం యెషయా 40వ అధ్యాయం క్రిస్మస్ ముందు చదువుకుంటాం. అదే పుస్తకం మంచంలో ఉండి అనువదించాడంటే.

నాకు తెలిసిన రబ్బీ అకీవా కథ కూడా చెప్పాలి. నలభై ఏళ్ళు వచ్చేదాకా ఆయనకి అక్షరం ముక్క రాదట. ఒక నూతి దగ్గర రాయి మీద నీటి చుక్కలు పడి పడి గుంట ఏర్పడటం చూసి, మెత్తటి నీళ్ళు రాతిని తొలిచినప్పుడు అక్షరాలు నా గుండెను తొలవవా అనుకున్నాడట. కొడుకుని వెంటబెట్టుకుని బడికి వెళ్ళి ఇద్దరూ ఒకే పలక పట్టుకుని అక్షరాలు దిద్దారట. మా సండే స్కూల్లో చెబితే పిల్లలు ఆ నాన్న పలక పట్టుకోవడం దగ్గర ఒకటే నవ్వు.

హేతువాది_బెజవాడ
రోజెన్‌జ్వైగ్ గొప్పవాడే, కాదనను. కానీ మీరు చెబుతున్నది మేధావి కథ. మామూలు మనుషుల విషయంలో ఈ "తిరిగిరావడం" ఎలా ఉంటుందో కూడా చెప్పుకోవాలి. 1967 యుద్ధం తర్వాత జెరూసలేం పడమటి గోడ దగ్గరికి వచ్చే కుర్రాళ్ళని, వీపున బ్యాగులేసుకుని తిరిగేవాళ్ళని, శుక్రవారం రాత్రి భోజనానికి పిలిచి మెల్లగా మత పాఠశాలల్లో చేర్చేవారు. 1970ల్లో అలాంటివాళ్ళ కోసమే ప్రత్యేకంగా యెషీవాలు వెలిశాయి. కొందరు చదువులు మధ్యలో వదిలేశారు. అమ్మ చేతి వంట తినడం మానేశారు. బాల్ తెషువా అంటారు వాళ్ళని. ఇళ్ళల్లో ఎన్ని గొడవలు జరిగాయో ఆ తల్లులని అడగండి. పిల్లవాడికి అర్థం దొరికింది, తల్లికి కొడుకు పోయాడు.

లత_షికాగో
ఈ విషయంలో హేతువాది గారితో సగం ఒప్పుకుంటాను. సగమే.

మా పెళ్ళయినప్పుడు మా ఆయనకి క్రిస్మస్ చెట్టు కూడా ఇష్టమే. మా అత్తగారింట్లో పస్కా రాత్రి భోజనం ఒకటి, యోమ్ కిప్పూర్ ఉపవాసం సగం రోజు. అంతే. పెద్దమ్మాయి పుట్టాక మొదలైంది. "దీనికి నేను ఏం ఇస్తాను? మీ అమ్మ వచ్చి లలితా సహస్రనామం చెబుతుంది, నా దగ్గర బేగెల్ తప్ప ఏముంది?" అన్నాడు. జోక్‌గానే అన్నాడు. తర్వాత శుక్రవారం సాయంత్రం క్యాండిల్స్ వెలిగిద్దామన్నాడు. సూర్యాస్తమయానికి పద్దెనిమిది నిమిషాల ముందు వెలిగించాలి. నాకు దీపం పెట్టడం కొత్తా? సరే అన్నాను. తర్వాత ఫోన్లు ఒక డ్రాయర్లో పడ్డాయి. నిజం చెప్పాలంటే ఆ డ్రాయర్ మా కాపురానికి చాలా మేలు చేసింది.

ఆ తర్వాత వంటిల్లు. అక్కడ కష్టపడ్డాను. యూదుల ఆహార నియమం ప్రకారం పాలకీ మాంసానికీ వేర్వేరు గిన్నెలు, వేర్వేరు గరిటెలు. లోహపు గిన్నెలైతే ఒక రోజు వాడకుండా ఉంచి మరిగే నీళ్ళలో ముంచితే పనికొస్తాయి, పింగాణీవి పనికిరావు. మా అమ్మ ఇచ్చిన ఆవకాయ జాడీ ఏమవుతుందోనని నాకు ఒకటే టెన్షన్. రబ్బీ వచ్చి చూసి ఇందులో మామిడికాయ తప్ప ఇంకేమైనా పెట్టారా అని అడిగాడు. లేదన్నాను. అలాగే ఉండనివ్వమన్నాడు. ఆకుకూరల్లో పురుగు చూసి వండాలి అని ఆయన నియమం చెబితే మా అమ్మ ఫోన్లో "మేం మాత్రం పురుగులతో వండుతామా ఏమిటి" అంది. మా అమ్మ ఆయన్ని అప్పటినుంచి "ఆ మడి ఆయన" అంటుంది.

కానీ కోడికూర తిన్న పూట పెరుగన్నం లేదు చూశారా. మాంసం తిన్నాక ఆరు గంటలు పాల పదార్థం ముట్టకూడదు. పెరుగన్నం లేకుండా భోజనం ముగించడమంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. నేను తింటాను, వేరే గిన్నెలో. ఆయన చూస్తూ కూర్చుంటాడు. ఇంట్లో ఒకే బల్ల దగ్గర రెండు లెక్కలు.

ఇక అసలు బాధ. యూదు ధర్మం ప్రకారం తల్లిని బట్టి బిడ్డ. నేను హిందువుని, మారే ఉద్దేశం లేదు. ఆర్థడాక్స్, కన్సర్వేటివ్ లెక్కలో నా పిల్లలు యూదులు కారు. రిఫార్మ్ వాళ్ళు 1983 నుంచి తండ్రి యూదైనా పిల్లల్ని యూదులుగా పెంచితే చాలంటున్నారు. మా ఆయన మొదట రిఫార్మ్ సినగాగ్‌కే వెళ్ళాడు. చదువు పెరిగేకొద్దీ ఆయన మనసు కన్సర్వేటివ్ వైపు పోయింది. అక్కడ రబ్బీ చాలా మర్యాదగా, పిల్లలకి మిక్వే అనే శుద్ధి స్నానం చేయించి అధికారికంగా మార్పిస్తే బాగుంటుందన్నాడు. మార్పించడమా? దేని నుంచి దేనికి? శుక్రవారం దీపం వెలిగించేది నేను. ఆయన నమ్మకం ఎంత లోతుకి పోతే నా పిల్లలు అంత బయటివాళ్ళవుతున్నారు. ఈ మాట ఆయనతోనూ అన్నాను. ఆయన దగ్గర జవాబు లేదు. ఇంకా మాట్లాడుకుంటున్నాం.

సోమయాజులు_రాజమండ్రి
అమ్మా, నువ్వు చెప్పిన చివరి మాటకి నా దగ్గరా జవాబు లేదు. మా అన్నయ్యగారి అమ్మాయి కులాంతరం చేసుకున్నప్పుడు మేం ప్రవర్తించిన తీరు తలచుకుంటే నీ రబ్బీ ఎంతో నయం.

సంపత్_చేబ్రోలు
మా ఊరి పక్క సంగతి ఎవరూ ఎత్తలేదు. చేబ్రోలు ఆనుకుని కొత్తరెడ్డిపాలెంలో బెనే ఎఫ్రాయిం అని తెలుగు యూదులు ఉన్నారు. 1991లో అక్కడ సినగాగ్ పెట్టారు. అంతకుముందు వాళ్ళలో చాలామంది బాప్టిస్టు చర్చికి వెళ్ళే మాదిగ కుటుంబాలవాళ్ళు. తాము ఎఫ్రాయిము గోత్రం వాళ్ళమని, తమ పెద్దల పద్ధతికే తిరిగి వచ్చామని చెబుతారు. సబ్బాతు, అంటే శుక్రవారం సాయంత్రం మొదలయ్యే విశ్రాంతి దినం, పాటిస్తారు, హెబ్రూ నేర్చుకుంటారు. ఇజ్రాయెల్ ఇంకా వాళ్ళని యూదులుగా ఒప్పుకోలేదు. పైనుంచి ఒప్పుకోలు లేకపోయినా శుక్రవారం సాయంత్రం ఆ ఇళ్ళల్లో దీపం వెలుగుతుంది. హేతువాది గారూ, వీళ్ళది ఏ జాతి అభిమానం అంటారు?

హేతువాది_బెజవాడ
కులం నుంచి తప్పించుకునే దారి అంటాను. అందులో తప్పేమీ లేదు. అంబేడ్కర్ కూడా మతం మారాడు.

సంపత్_చేబ్రోలు
తప్పించుకోవడం అని బయట ఉన్నవాళ్ళు అంటారు. వాళ్ళని అడిగితే ఇంటికొచ్చాం అంటారు. ఎవరి మాట నిజమో తేల్చడానికి మనమెవరం? నేను వాళ్ళ పక్క ఊరివాణ్ణి, అంతకంటే ఎక్కువ చెప్పను.

కుమార్_టెక్సాస్
ఇజ్రాయెల్ అంటున్నారు, అక్కడ జరుగుతున్న యుద్ధం గురించి ఒక్కరూ మాట్లాడరేం? ముందు అది

మోడరేటర్
కుమార్ గారి పోస్టులో మిగతా భాగం, దాని కింద వచ్చిన జవాబులు "అంతర్జాతీయ రాజకీయాలు" విభాగానికి మార్చాం. అక్కడ కానివ్వండి. ఇక్కడ అసలు విషయం మీదే ఉందాం.

రేణుక_రమత్‌గన్
అందరికీ నమస్తే. నేను నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చి ఇక్కడ ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్‌గా చేస్తున్న. మన తెలంగాణ, ఆంధ్ర వాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నరు ఈ పనిలో. రాయడం అలవాటు లేదు, తప్పులుంటే సర్దుకోండి.

నేను చూసుకునే అమ్మ 80 దాటింది. కిబ్బుత్స్‌లో పెరిగింది, అంటే అందరూ కలిసి పని చేసుకుని బతికే ఊరు. వాళ్ళకి దేవుడు లేడు, పని ఒక్కటే దేవుడు. చిన్నప్పుడు యోమ్ కిప్పూర్ నాడు కూడా పొలం పోయేవాళ్ళం, కావాలనే తినేవాళ్ళం అని నవ్వుకుంటూ చెప్తది. ఇక్కడ ఆ రోజు ఎట్లుంటదో తెలుసా? రోడ్ల మీద ఒక్క కారు ఉండదు. టీవీ, రేడియో బంద్. హైవే మీద పిల్లలు సైకిళ్ళు తొక్కుతరు. గుడికి పోనివాళ్ళు కూడా కారు తీయరు.

ముసలాయన పోయినంక అమ్మ మారింది. గుడికి పోదు ఇప్పటికీ. కానీ ఆ రోజు రాకముందు ఒక పాట వింటది, మళ్ళీ మళ్ళీ. నాకు అర్థం కాదు గానీ ఒళ్ళు జలదరిస్తది. ఏం పాట అంటే వాళ్ళ బంధువుల కిబ్బుత్స్‌లో కట్టిందట, బెయిత్ హషిటా అని.

శ్రీవాణి_ఫిలాసఫీ
రేణుకా, ఆ పాట సంగతి చెప్పినందుకు చాలా సంతోషం. దాని వెనక ఉన్న కథ ఈ చర్చకి సరిగ్గా సరిపోతుంది.

1973 అక్టోబరులో యోమ్ కిప్పూర్ నాడే యుద్ధం మొదలైంది. బెయిత్ హషిటా అనే ఆ ఒక్క కిబ్బుత్స్ నుంచి 11 మంది చనిపోయారు. అంత చిన్న ఊళ్ళో అది ఎంత పెద్ద దెబ్బో ఊహించుకోండి. పైగా అది మతం లేని కిబ్బుత్స్. ఏడవడానికి వాళ్ళ దగ్గర ప్రార్థన లేదు. ప్రతి ఏడూ ఆ రోజు వస్తుంది, ఏం చేయాలో తెలియదు. 1990లో అక్కడ కొంతకాలం ఉన్న యాయిర్ రోజెన్‌బ్లూమ్ అనే స్వరకర్త, ఉనెతనె తోకెఫ్ అనే పాత సినగాగ్ ప్రార్థనకి కొత్త బాణీ కట్టాడు. రాబోయే ఏడు ఎవరు బతుకుతారు, ఎవరు పోతారు, ఎవరు నీళ్ళలో, ఎవరు నిప్పులో అని అడిగే ప్రార్థన అది. కిబ్బుత్స్ సభ్యుడే ఒకాయన యోమ్ కిప్పూర్ ముందు సాయంత్రం అందరి ముందూ పాడాడు. దేవుడు లేడని కట్టుకున్న ఊళ్ళో, దేవుడు తీర్పు చెప్పే పాట. తర్వాత అది సినగాగుల్లోకీ వెళ్ళింది. హేతువాది గారూ, దీన్ని నటన అనగలరా?

హేతువాది_బెజవాడ
అనను. దాన్ని శోకం అంటాను. శోకానికి మతం ఒక భాష ఇచ్చింది, ఒప్పుకుంటాను. కానీ భాష ఉన్నంత మాత్రాన అది చెప్పేది నిజమైపోదు. అక్కడ నేను కదలను.

శ్రీవాణి_ఫిలాసఫీ
కదలక్కర్లేదు. మీలాంటివాళ్ళ కోసమే తెల్ అవీవ్‌లో మతం లేని యూదులు తాల్ముద్, అంటే రబ్బీల చర్చల పాత గ్రంథం, చదువుకునే చోట్లు ఉన్నాయి. రూత్ కాల్డెరోన్ అనే ఆవిడ 1996లో ఆల్మా అని ఒకటి పెట్టింది. ఆవిడ 2013లో పార్లమెంటు సభ్యురాలై, తొలి ప్రసంగంలో తాల్ముద్ గ్రంథం తెచ్చి ఒక కథ చదివి వివరించింది. రబ్ రెహూమీ అనే పండితుడు దూరాన చదువుకుంటూ ఏడాదికి ఒక్కసారి, యోమ్ కిప్పూర్ ముందురోజు ఇంటికొచ్చేవాడు. ఒక ఏడు చదువులో మునిగి రాలేదు. భార్య ఇప్పుడొస్తాడు, ఇప్పుడొస్తాడు అని ఎదురుచూసి చూసి, కంట ఒక చుక్క రాల్చింది. ఆ సమయంలో అతను కూర్చున్న డాబా కూలి చచ్చిపోయాడు. ఆవిడ కంటినీరు రాలిస్తే అక్కడ డాబా కూలింది! ఇది మతగ్రంథంలోనే ఉన్న కథ. లత గారు చెప్పిన బాధ వాళ్ళకి తెలియనిది కాదు.

లత_షికాగో
ఈ కథ ఇవాళ రాత్రి మా ఆయనకి చదివి వినిపిస్తా. డాబా లేదు కానీ బేస్‌మెంట్‌లోనే కూర్చుని చదువుతుంటాడు, జాగ్రత్తగా ఉండమంటా. :)

చలపతి_ఎడిసన్
నేను రెండు రోజులు లేకపోతే చర్చ ఇంత నడిచింది. అందరికీ థాంక్స్. ఒకటి అడగాలి. మా ఆయన్ని, అదే మా సహోద్యోగిని, ఒక రోజు పొద్దున మీతో వస్తాను అంటే తప్పా? యూదుడిని కాదు కాబట్టి నేను పదిలో లెక్కకి రాను, అంతవరకూ అర్థమైంది.

లత_షికాగో
తప్పేమీ లేదు, ముందుగా ఆయనకి చెప్పండి. తలకి టోపీ అక్కడే ఇస్తారు. అందరూ లేచినప్పుడు లేవండి. ఆమేన్ మీరూ అనొచ్చు. ఫోను బయటికి తీయకండి, శనివారమైతే అసలే వద్దు. తర్వాత కాఫీ దగ్గర నిలబడి మాట్లాడతారు, మీ నాన్నగారు ఏం చేసేవారని అడుగుతారు. సిద్ధంగా ఉండండి.

రేణుక_రమత్‌గన్
లతక్కా, నాకూ ఒకటి చెప్పు. ఈసారి అమ్మ యోమ్ కిప్పూర్ మొత్తం ఉపవాసం ఉంటా, మాత్రలు కూడా ముట్టను అంటుంది. షుగర్ ఉంది, గుండె మాత్రలు ఉన్నయి. కొడుకు అమెరికాలో ఉంటడు, అమ్మ ఇష్టం అంటున్నడు. నాకు భయమైతుంది. బలవంతం చేస్తే ఆమె మతానికి అడ్డం పడ్డట్టు అయితదా?

లత_షికాగో
భయపడకు రేణుకా, ఆవిడ మతమే నీ పక్కన ఉంది. ప్రాణానికి ప్రమాదం ఉన్నచోట ఉపవాసం ఉండకూడదు, తినడమే వాళ్ళ ధర్మం. దీన్ని పికువాఖ్ నెఫెష్ అంటారు. ఈ మాట హెబ్రూలోనే అను, ఆవిడకి తెలుస్తుంది. మొదట డాక్టరుతో మాట్లాడించు. ఏ మాత్ర మానకూడదో, తినాలో వద్దో ఆయన చెప్పాలి. డాక్టరు తినమన్నాక, ఒకేసారి కాకుండా కొంచెం కొంచెం, మధ్యలో కొన్ని నిమిషాలు ఆగుతూ తినే పద్ధతి వాళ్ళకి ఉంది. ఎంత, ఎన్ని నిమిషాలకి అన్నది రబ్బీ చెబుతాడు. ఆవిడకి రబ్బీలంటే పడకపోతే మీ ఆసుపత్రిలో ఒకరు ఉంటారు, నర్సుని అడుగు. ఇదంతా పండగ ముందురోజుకి పెట్టుకోకు, ఆ రోజు ఎవరూ ఫోనెత్తరు. ఈ వారమే చేసెయ్.

రేణుక_రమత్‌గన్
సరే అక్కా. ఆదివారం డాక్టర్ దగ్గరికి తీసుకపోత. ఆ మాట ఇంకోసారి తెలుగులో రాసి పెట్టు, పలకడం సరిగ్గ రావాలె.

లత_షికాగో
పి-కు-వాఖ్ నె-ఫెష్. "ఖ్" గొంతులోంచి రావాలి.